అల్లూరు ఇంటి మిద్దె: మొత్తం పగలగొట్టాలా, బాగుచేస్తే సరిపోతుందా?

మీరు రాసిన దాన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ. నెల్లూరు జిల్లా అల్లూరులో మీ నాన్నగారు 1991లో కట్టించిన ఇల్లు. పిల్లర్లు లేవు, ఇటుక గోడల మీద నేరుగా వేసిన స్లాబ్, సుమారు 600 చదరపు అడుగులు. అమ్మగారు ఒక్కరే ఉంటున్నారు. వంటింట్లో పైన పెచ్చులూడి కమ్మీలు కనపడుతున్నాయి. హాల్లో ఫ్యాను దగ్గర చెమ్మ దిగుతోంది. పడమటి గదిలో గోడా స్లాబూ కలిసే చోట పొడుగునా చీలిక ఉంది. బేల్దారి మేస్త్రీ వచ్చి చూసి 'దసరా లోపల మొత్తం పగలగొట్టి కొత్త స్లాబ్ వేసేద్దాం' అన్నాడు. రంగుల షాపాయన 'మిద్దె మీద వాటర్‌ప్రూఫ్ పూత రెండుసార్లు కొట్టిస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదు' అన్నాడు. ఎవరి మాట వినాలని మీ ప్రశ్న.

ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. మీ ఫొటోల్లో నాకు మూడు గదుల్లో మూడు వేర్వేరు జబ్బులు కనపడుతున్నాయి. వాళ్లలో ఎవరికి వాళ్లు మూడింటికీ కలిపి ఒకటే మందు రాశారు. నెల్లూరు చుట్టుపక్కల ఇరవై ఎనిమిదేళ్లుగా ఇళ్ల పనులు చేయిస్తున్నాను. జనం నీళ్లను చూసి భయపడినంతగా తుప్పును చూసి భయపడరు. కారుతున్న మిద్దెల్లో చాలావాటిని మార్చక్కర్లేదు. ఎప్పుడూ చుక్క కారని మిద్దెను దించేయాల్సి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. తేల్చేది లోపలి ఇనుము.

ముందు సులువైన గది. పడమటి గదిలో గోడ పైవరసకూ స్లాబుకూ మధ్య అడ్డంగా వెళ్లిన ఆ చీలిక ఎండ వల్ల వచ్చింది. మే నెలలో మన ఎండకు మిద్దె కాలి సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. గోడ దాంతో పాటు కదలదు కాబట్టి రెండూ కలిసే చోట విడిపోతుంది. పిల్లర్లు లేని ఇళ్లలో ఇది సర్వసాధారణం. దాన్ని సిమెంటుతో పూడిస్తే వచ్చే వేసవికి మళ్లీ అక్కడే పగులుతుంది. గీతను కొంచెం వెడల్పు చేసి, సాగే గుణమున్న సీలెంట్ నింపించి, మిద్దె పైన తెల్లటి కూల్ పెయింట్ గానీ కనీసం సున్నం గానీ కొట్టిస్తే కదలిక తగ్గుతుంది. దీనికోసం స్లాబ్ జోలికి వెళ్లక్కర్లేదు.

హాల్లో ఫ్యాను దగ్గర చెమ్మకు కారణం ఫ్యాను దగ్గరే ఉందనుకోకండి. నీరు పైన ఒకచోట దిగి, స్లాబులో వేసిన కరెంటు పైపు పట్టుకుని ఎక్కడికో ప్రయాణం చేస్తుంది. కోవూరులో ఒక ఇంట్లో సరిగ్గా ఫ్యాను కొక్కెం దగ్గర నీళ్లు కారుతున్నాయని ఆ పైభాగం మూడుసార్లు తవ్వి పూడ్చారు. నేను వెళ్లి చూస్తే అక్కడికి ఎనిమిది అడుగుల దూరాన పిట్టగోడ మొదట్లో వేలు పట్టేంత సందు, అందులో రావి మొక్క. దాని వేరు పైపు దాకా వెళ్లింది. మొక్క తీసి, మూల కట్టించాక చెమ్మ ఆగింది. కాబట్టి మీరు మిద్దె ఎక్కితే ముందు పిట్టగోడ చుట్టూ తిరగండి, తర్వాత నీళ్లు పోయే గొట్టాల మూతులు చూడండి, చెమ్మ పైభాగం చివరికి. ఒక్క లెక్క చెప్తాను: 10 సెంటీమీటర్ల వాన పడితే మీ 600 అడుగుల మిద్దె మీద పడే నీళ్లు దాదాపు 5,500 లీటర్లు. ఆ నీళ్లన్నీ పోవాల్సిన గొట్టం మూతిలో వేపాకులు అడ్డం పడితే ఎంత మంచి స్లాబైనా కారుతుంది. ఈలోగా వాన పడితే హాల్లో ఫ్యాను వేయొద్దని అమ్మగారికి గట్టిగా చెప్పండి. ఆ లైనును బోర్డు దగ్గరే ఆపించేస్తే ఇంకా మంచిది.

ఇక వంటిల్లు. మీ అసలు సమస్య ఇదే.

కాంక్రీటుకు క్షారగుణం ఉంటుంది. ఆ గుణం ఉండి, ఉప్పు చేరనంతకాలం లోపలి కమ్మీకి తుప్పు పట్టదు. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొంచెం కొంచెం లోపలికి చేరి ఆ గుణాన్ని చంపుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో దీనికి ఉప్పు కూడా తోడవుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. అంటే పెచ్చు ఊడిందంటే లోపల తుప్పు మొదలై చాలాకాలమైందని.

మీ ఊరి విషయంలో ఇంకో అనుమానం ఉంది. అల్లూరు నుంచి సముద్రం ఎంతో దూరం లేదు, ఆ చుట్టుపక్కల చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పన. 1991లో కాంక్రీటు కలపడానికి ఏ నీళ్లు వాడారో, ఇసుక ఎక్కడి నుంచి తెచ్చారో ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఇనుము ఉన్న కాంక్రీటులో వాడే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. అప్పట్లో ఇళ్లకు ఎవరు పరీక్ష చేయించారు? నోట్లో పోసుకుని చూసి 'పర్లేదు' అనుకోవడమే. పైగా కమ్మీ కింద ఉండాల్సిన కాంక్రీటు మందం మామూలు చోటే 20 మిల్లీమీటర్లు, సముద్రపు గాలి తగిలే చోట ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో కమ్మీ కింద రాతి ముక్కలు పెట్టేవాళ్లు, కాంక్రీటు పోసే రోజు నలుగురు తొక్కితే అవి జారిపోయి కమ్మీ సెంట్రింగ్ రేకుకు (కాంక్రీటు గట్టిపడేదాకా కింద ఆసరాగా ఉంచేది) ఆనుకునేది. మీ ఫొటోలో కమ్మీ కింద ఉన్నది అరంగుళం కూడా లేదు, అందులో సగం ప్లాస్టరింగే.

వినాయక చవితికి ఊరు వస్తున్నానన్నారు కదా. ఒక పూట దీనికి కేటాయించండి. చిన్న సుత్తి, పొడవైన స్క్రూడ్రైవర్, నైలాన్ దారం, వైర్ బ్రష్, వెర్నియర్ (కమ్మీ మందం కొలిచే పరికరం) తీసుకెళ్లండి. వెర్నియర్ లేకపోతే ఊళ్లో లేతు షాపులో అడిగితే గంటసేపు ఇస్తారు. కళ్లకు అద్దాలు, తలకు హెల్మెట్ పెట్టుకోకుండా పెచ్చు కింద నిలబడొద్దు.

ముందు అన్ని గదుల్లోనూ స్లాబును సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోండి. బాగున్న చోట శబ్దం గట్టిగా, పొట్టిగా వస్తుంది. లోపల విడిపోయిన చోట ఖాళీ డబ్బాను కొట్టినట్టు డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయండి. అరగంటలో మీ ఇంటి జబ్బు పటం పైకప్పు మీద కనపడుతుంది. వంటింట్లోనే ఆగిందా, పక్క గదిలోకి పాకిందా అన్నది మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. పగుళ్ల తీరు కూడా చూడండి. సాలెగూడులా అన్ని వైపులా పోయినవి ప్లాస్టరింగ్ పగుళ్లు. ఒకదానికొకటి సమదూరంలో, తిన్నగా, అంచున ఇటుకరంగు మరకతో ఉన్నవి కమ్మీ వెంబడి వచ్చినవి. నాకు భయం రెండోవాటితోనే.

తర్వాత బయటపడ్డ కమ్మీని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది వెర్నియర్‌తో కొలవండి. నాలుగైదు చోట్ల కొలవాలి, అన్నిటికంటే సన్నగా ఉన్న చోటే లెక్కలోకి వస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. 8 మిల్లీమీటర్ల కమ్మీ 7 అయితే 'ఒక్క మిల్లీమీటరే కదా పోయింది' అంటారు. కమ్మీ బలం దాని అడ్డకోత వైశాల్యాన్నిబట్టి ఉంటుంది. 8 స్క్వేరు 64, 7 స్క్వేరు 49. అంటే ఇనుములో దాదాపు నాలుగో వంతు పోయినట్టు. 6కి వచ్చిందంటే సగానికి దగ్గర పోయినట్టే.

కమ్మీ పక్కన కాంక్రీటును స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. పైపైన గీరుకుంటే పర్లేదు. బెల్లం గడ్డలా పొడిపొడిగా రాలుతూ కమ్మీ వెనక్కి కూడా దిగిపోతుంటే ఆ కాంక్రీటు ఇక కమ్మీని పట్టుకుని లేదు. ఆఖరున దారం. గోడ నుంచి గోడకు, స్లాబు అడుగున బిగించి లాగి, మధ్యలో స్లాబు దారం కంటే ఎంత కిందికి దిగిందో చూడండి. లెక్క ప్రకారం గది వెడల్పులో 250వ వంతు దాటకూడదు. పన్నెండడుగుల గదికి అది సుమారు 14 మిల్లీమీటర్లు. సెంట్రింగ్ రోజే కుంగి ఉండొచ్చు కాబట్టి ఒక్క కొలతతో కంగారు పడొద్దు. కొలత, తేదీ గోడ మీద రాసి పెట్టండి. నెల తర్వాత కొలిస్తే పెరిగిందంటే మాత్రం ఆలోచించాల్సిందే.

ఇంతవరకూ మీరు చేయగలిగేది. దీని తర్వాత నెల్లూరు నుంచి గానీ కావలి నుంచి గానీ ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును ఒక్కసారి తీసుకెళ్లండి. ఆయన అప్పటికప్పుడు కాంక్రీటు పెళ్ల ఒకటి కొట్టి, ఆ తాజా పగులు మీద ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లుతారు. మంచి కాంక్రీటు గులాబీ రంగుకు తిరుగుతుంది, క్షారం చచ్చిపోయినది రంగు మారదు. రంగు మారని మందం కమ్మీని దాటి పోయిందా లేదా అన్నది మీ కళ్లెదుటే తెలుస్తుంది. ఉప్పు సంగతికి మాత్రం ఇది సరిపోదు, కాంక్రీటు పొడి తీసి ల్యాబుకు పంపాలి. మీ ఊరికి ఆ పరీక్ష దండగ కాదు. స్లాబ్ ఖర్చు ముందు ఈ ఫీజు ఎంత?

ఇప్పుడు నిర్ణయం. నేను పాటించే లెక్క చెప్తాను, ఇంజినీరు చూసి వేరేగా చెప్తే ఆయన మాటే వినండి. డొల్ల శబ్దం వంటింటి వరకే ఉండి, కమ్మీ నాలుగో వంతు లోపే పోయి, కమ్మీ వెనక కాంక్రీటు గట్టిగా ఉంటే బాగుచేయించుకోవచ్చు. బాగుచేయడమంటే పైన ప్లాస్టరింగ్ పూయడం కాదు. స్లాబు కింద ఊతంగా ఇనుప జాకీలు నిలబెట్టి, వదులుగా ఉన్నదంతా కొట్టేసి, కమ్మీ వెనక వేలు దూరేంత ఖాళీ చేసి, తుప్పు మొత్తం గీకి, జింక్ ప్రైమర్ పట్టించి, సన్నబడిన చోట కొత్త కమ్మీ జత చేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పొరలు పొరలుగా నింపడం. సరైన మనిషి చేస్తే వంటిల్లు ఒక్కటే పది రోజుల పని.

సగం ఇంటికి పైగా డొల్ల పలికినా, కమ్మీ నాలుగో వంతు కంటే ఎక్కువ తినేసినా, స్లాబు కుంగుతూ పోతున్నా మార్చడమే. ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు: కాంక్రీటులోనే ఉప్పు ఉంటే. అలాంటి స్లాబులో ఒకచోట శుభ్రంగా బాగుచేస్తే తుప్పు ఆ అతుకు చుట్టూ ఉన్న కమ్మీకి మళ్లుతుంది. రెండు మూడేళ్లలో అతుకు బాగానే ఉంటుంది, దాని అంచులు ఊడతాయి. జనం మేస్త్రీని తిడతారు. అతని తప్పు కాదు, ఉప్పు సంగతి తేల్చకుండా అతుకు వేయించడం తప్పు.

పూత సంగతి కూడా చెప్పాలి. వాటర్‌ప్రూఫ్ పూతలు చెడ్డవని నేననను, హాలు పైన నేనూ వేయిస్తాను. కానీ పూత నీటిని ఆపుతుంది, పోయిన ఇనుమును తిరిగివ్వదు. ఇది నేను నా ఇంట్లోనే నేర్చుకున్నాను. 2012లో మా వంటింట్లో చారెడంత పెచ్చు ఊడింది. సంక్రాంతికి చుట్టాలొస్తున్నారు, తుప్పు గీకించే ఓపిక లేక దాని మీదే సిమెంటు మెత్తించి, పైన రసాయనం పూయించి, రంగేశాను. పరాయివాళ్లింట్లో ఎవరైనా అలా చేస్తే నేనే అరిచేవాణ్ణి. 2015 నవంబరు వానలకు ఒక తెల్లవారుజామున దబ్బుమని చప్పుడు. వెళ్లి చూస్తే గ్రైండర్ రాయి మీద చేటంత పెళ్ల పడి ఉంది, దానికి నేను వేయించిన రంగు చెక్కుచెదరకుండా అంటుకునే ఉంది. ఇంకో అరగంటైతే మా ఆవిడ అక్కడ పిండి రుబ్బుతుండేది. అప్పటి నుంచి ఊడిన చోటును కప్పమని అడిగితే నేను చేయను.

అలాగే 'పైన ఇంకో రెండంగుళాలు కాంక్రీటు వేద్దాం, కారదు' అని ఎవరైనా అంటే పంపించేయండి. మీ 600 అడుగులకు ఆ రెండంగుళాల బరువు ఆరున్నర టన్నుల పైమాటే. నీరసంగా ఉన్న కమ్మీలు దాన్ని మోయాలి.

ఇక ఎప్పుడు అన్న మాట. వేరేచోట్ల చలికాలం అంటే చలి. మనకు చలికాలం మొదలంటే ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. ఇప్పుడు ఆగస్టు చివర. మీ మేస్త్రీ చవితి తర్వాత మొదలుపెట్టాడనుకోండి. పాత స్లాబు దించడం, సెంట్రింగ్, కమ్మీ కట్టడం, కాంక్రీటు, ఇప్పుడు దొరికే పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటుకు కనీసం పది రోజుల క్యూరింగ్, అంటే నీళ్లతో తడిగా ఉంచడం (నేను పద్నాలుగు పెడతాను), సెంట్రింగ్ విప్పేది మూడు వారాల తర్వాత. కూలీలు ఒక్కరోజు కూడా ఎగ్గొట్టకపోయినా ఆరు నుంచి ఎనిమిది వారాలు. అంటే స్వాతి, విశాఖ కార్తెల్లో (అక్టోబరు చివర నుంచి నవంబరు మధ్య దాకా) మీ ఇంటికి పైకప్పు సగంలో ఉంటుంది, గోడలు నానుతుంటాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, హైవే కూడా ఆగిపోయింది. అప్పుడు స్లాబు దించి కూర్చున్న ఒకాయన నాకు తెలుసు. కంకర రాలేదు, సిమెంటు రాలేదు, ఇటుక గోడల మీద టార్పాలిన్ కప్పుకుని ఇరవై రోజులు చూస్తూ కూర్చున్నాడు. ఆయన స్లాబ్ ఖర్చుకు గోడల ప్లాస్టరింగ్ ఖర్చు కూడా తోడైంది.

కాబట్టి మార్చాలనే తేలినా సంక్రాంతి దాటాక మొదలుపెట్టండి. జనవరి చివర నుంచి మార్చి లోపల ముగించేస్తే ఎండకు కొత్త కాంక్రీటు ఎండిపోయే బాధ కూడా ఉండదు. అప్పుడు కాంక్రీటుకు మంచినీళ్ల ట్యాంకరు తెప్పించండి, కమ్మీ కింద సిమెంటు కవర్ బిళ్లలు మీరు నిలబడి పెట్టించండి. సన్‌షేడ్లు కూడా అదే కాంక్రీటుతో పోసి ఉంటారు, వాటినీ తట్టి చూడటం మరవకండి. వీధిలో నడిచేవాళ్ల మీద పడేది ముందు అవే.

ఈ వానాకాలం గడవడానికి చేయాల్సింది వేరే. వంటింటి పైన ఉన్న వెయ్యి లీటర్ల ట్యాంకు ముందు దించేయండి. నిండితే టన్నుకు పైమాటే, అది ఆ స్లాబు మీద ఒక్క రోజు కూడా ఉండకూడదు. వదులుగా వేలాడే పెచ్చులు మీరే దగ్గరుండి కొట్టించి కింద పడేయించండి, చూడ్డానికి అసహ్యంగా ఉన్నా నెత్తిన పడదు. వంటింట్లో ఇనుప జాకీలు పెట్టించండి, దొరక్కపోతే గట్టి సర్వి (సరుగుడు) కర్రలు. పైన పొడవాటి చెక్క, కింద కూడా చెక్క ఉండాలి, లేకపోతే కర్ర నేలలోకో స్లాబులోకో గుచ్చుకుంటుంది. ఆనేలా బిగిస్తే చాలు, స్లాబును పైకి లేపేలా కొట్టొద్దు. మిద్దె ఊడ్పించి, గొట్టాల మూతులకు జాలీ పెట్టించి, పిట్టగోడ మూలలు సిమెంటుతో గుండ్రంగా తిప్పించి, హాలు పైభాగానికి పూత వేయించండి. పూత తర్వాత రెండంగుళాల నీళ్లు రెండు రోజులు నిలబెట్టి పరీక్షిస్తారు. హాలు పైన మాత్రమే మడి కట్టించి చేయించండి. వంటింటి వైపు ఆ బరువు పెట్టనివ్వొద్దు.

చీమకుర్తి దగ్గర మీ మామయ్యగారి ఇంటి గురించి చివర్లో రెండు ముక్కలు అడిగారు. మంగుళూరు పెంకుటిల్లయితే పెంకుల గురించి దిగులు వద్దు, పగిలినవి మార్చుకుంటారు. వాసాలు గోడలో దూరే కొసలు, దూలం ఆనే చోటు చాకుతో పొడిచి చూడమనండి. చాకు అంగుళం దిగితే చెదలో కుళ్లో లోపల కాపురం పెట్టినట్టే, ఆ వాసం వానలకు ముందే మార్చాలి. వెనక వసారాకు సిమెంటు రేకులన్నారు. వాటి మీద నేరుగా అడుగు పెట్టొద్దు, పాతబడిన రేకు ముందు చెప్పకుండా విరుగుతుంది. మేకులున్న వరస వెంబడి పలక వేసుకుని నడవాలి. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, కోసినా పగలగొట్టినా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. తీసేటప్పుడు తడిపి, ముక్కలు చేయకుండా, మాస్కు పెట్టుకుని దించాలి. తుపాను గాలి ముందు అంచు రేకులనే లేపుతుంది కాబట్టి ఆ చివరి వరస కొక్కేలు తుప్పు పట్టి ఉంటే మాత్రం ఈ నెలలోనే మార్పించండి.

మీరు ఊరెళ్లేదాకా అమ్మగారిని స్టవ్ హాలు పక్క వసారాలోకి మార్చుకోమనండి. కమ్మీ కొలిచాక ఫొటో పంపేటప్పుడు వెర్నియర్ అంకె కనపడేలా దగ్గర నుంచి ఒకటి, సుద్దగీతలతో మొత్తం పైకప్పు కనపడేలా గది మూల నుంచి ఇంకొకటి తీయండి.